దక్షిణపు కాలువగట్టున సముద్రము వఱకు

మన యిండ్లలో స్త్రీలకు ప్రయాణ మనిన తీర్థయాత్రయో, పెండ్లిపిలుపో, కుమార్తె పురిటికి వెళ్లుటయో అయి యుండవలెను. ఏ పనియు లేక, ఏ తొందరయు లేక, దారిని చూచుటకొఱకే దారిన బోవుట యనునది గృహిణి లెక్కలపుస్తకమున కెక్కని ఖర్చు. అట్టి ఖర్చు నొకమారు చేసి చూడదలచి, గడచిన సెప్టెంబరు మాసమున మేము ముగ్గురు స్త్రీలము ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున తూలూజు నగరమునుండి మధ్యధరాసముద్రపు టొడ్డున నున్న సెట్ అను రేవుపట్టణము వఱకు, ఒక పాతకాలువ గట్టువెంట సైకిళ్లమీద వెళ్లితిమి. మా యమ్మాయి తూలూజున విమానశాస్త్రము చదువుచున్నది. ఆమెను చూడబోయిన తల్లియు, మేనత్తయు తక్కిన యిద్దరు.

సోదరీమణులు మొదట నడుగబోవు ప్రశ్న మాకు తెలియును. ఈ వయస్సున సైకిలా యని గదా! మా వదినగారికి అరువదియొకటవ యేడు నడచుచున్నది. వారు కోనసీమలో పుట్టి, చిన్నతనమున కాలువగట్టునబడి హైస్కూలుకు సైకిలుమీద వెళ్లినవారే. పిదప ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పుటలో ఆ విద్య మూలబడినది. మోకాళ్లనొప్పియు గలదు. కాని యీ ప్రయాణమునకు బలముతో అంత పని లేదు. కాలువ కొండ యెక్కదు. కనుక దాని గట్టును కొండ యెక్కదు. నీరు నిలిచి యుండవలె నన్న నేల సమముగా నుండితీరవలెను. లాకు వచ్చినచోట మాత్రము గట్టు ఒక ప్రహరీగోడ యెత్తున ఎక్కుటయో, దిగుటయో జరుగును. అంతియే. ఇట్లు 240 కిలోమీటర్ల దూరమును తొమ్మిది దినములలో గడచితిమి. ప్రొద్దుట చల్లదనమున కొంత, సాయంకాల మింకొంత. నడుమ చెట్టునీడ భోజనము, కునుకు.

సైకిళ్లు తూలూజుననే అద్దెకు దొరకినవి. నడుమ అడ్డకమ్మి లేనివి, వెనుక రెండువైపుల సామానుసంచులు వ్రేలాడునవి తీసికొంటిమి. వదినగారు బ్యాటరీ సాయముగలదానిని కోరుకొనిరి. చీరలను అమ్మాయి గదిలో మడతపెట్టి యుంచి పంజాబీదుస్తులు వేసికొంటిమి. కుచ్చిళ్లు గొలుసులో చిక్కుకొన్న కథలు మా తరమువారికి చెప్ప నక్కఱలేదు. సంచులలో రెండేసి జతల బట్టలు, ఒక చిన్న డబ్బాతో మాగాయ, వానకోటులు. అంతకుమించి తెచ్చుకొన్నచో మోయునది మన కాళ్లే యని అమ్మాయి ముందుగనే హెచ్చరించినది.

ఆ కాలువను వారు ‘కనాల్ ద్యు మిదీ’ యందురు. దక్షిణపు కాలువ యని యర్థము. అట్లాంటికు సముద్రమునకు బోవు గరొన్ నదిని మధ్యధరాసముద్రముతో కలిపినయెడల, స్పెయిను దేశమును చుట్టి వచ్చు శ్రమ పడవలకు తప్పును. ఇది పాత యూహయే. కాని రెండు సముద్రములకు నడుమ నేల మిట్టగా నున్నది. మిట్టమీదికి కాలువ త్రవ్వవచ్చును గాని, అచ్చట దానిలో పోయుటకు నీ రెక్కడిది? ఈ చిక్కును విప్పినవాడు ఇంజనీరు కాడు. పియేర్ పోల్ రికె యను ఉప్పుపన్ను గుత్తదారు. నల్లకొండ యను పర్వతపు సెలయేళ్లను సేకరించి, సేంఫెరెయోల్ వద్ద గొప్ప చెఱువుగా నిలిపి, అచ్చటినుండి పిల్లకాలువద్వారా మిట్టయొక్క శిఖరమగు నోరూజ్ వద్దకు తెచ్చిన చాలునని అతడు కనిపెట్టెను. పదునాలుగవ లూయీ రాజు 1666లో అనుజ్ఞ నిచ్చెను. రికె తన ధనమును, కుమార్తెల కట్నములకై దాచిన సొమ్మునుకూడ దీనిలో పోసె నని చెప్పుదురు. 1680 అక్టోబరులో అతడు చనిపోయెను. 1681 మే నెలలో కాలువ తెఱువబడినది. వారసులకు అప్పులు తీరుసరికి 1724వ సంవత్సరము వచ్చినది.

“కట్నపుసొమ్ము కాలువలో పోసిన తండ్రిని మన యిండ్లలో నైన నేమనియుందురో!” యని వదినగారు నవ్విరి. “ఆ యాడపిల్లల నడిగి పోసెనా, అత్తయ్యా?” యని అమ్మాయి యడిగినది. ఆ ప్రశ్నకు పుస్తకములలో జవాబు కనబడలేదు.

నోరూజ్ వద్ద నొక పూట నిలిచితిమి. అది సముద్రమట్టమునకు సుమారు 190 మీటర్ల యెత్తు. చూచుట కేమియు లేదు. చెట్లు, గడ్డి, మెల్లగా వచ్చి చేరు స్వచ్ఛమైన నీరు. కాని యా నీటిలో పడిన రావియాకువంటి యాకు పడమటికి మఱలెనా అట్లాంటికు చేరును, తూర్పునకు మఱలెనా మధ్యధర చేరును. అంతవఱకు ఒక్కొక్క లాకువద్ద ఎక్కుచు వచ్చిన మేము అచ్చటినుండి దిగుచు పోవలసినవారము.

లాకు అను మాటకు గోదావరీ కృష్ణా మండలముల సోదరీమణులకు వివరణ వలదు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీరు నింపి పైకెత్తుటయో, వదలి క్రిందికి దింపుటయో చేయు ఏర్పాటు. వదినగారు మొదటి లాకును చూడగనే సైకిలు దిగి, “ఇది మన లాకే, కాని కడుపుతో నున్నది” అనిరి. నిజమే. మన లాకుల గోడలు తిన్నగా నుండును. ఇచ్చటివి కోడిగ్రుడ్డు ఆకారమున నడుమ నుబ్బి యుండును. మొదట కట్టిన తిన్నని గోడ యొకటి మట్టి యొత్తిడికి కూలగా, ఆనకట్ట విల్లువలె వంగిన గోడలు కట్టిరట. ప్రతి లాకువద్దను కాపరికొక చిన్న యిల్లు, ఇంటిగోడకు పలక, ఆ పలకమీద వెనుకటి లాకు ఎంతదూరమో, ముందటి లాకు ఎంతదూరమో మీటర్లలో చెక్కియుండును. అలసినవారి కంతకంటె ప్రియమైన వ్రాత లేదు. కొన్ని లాకులవద్ద కూరగాయలు, తేనె, పండ్లు అమ్ముదురు. సరకుపడవలు ఏనాడో నిలిచిపోయినవి. ఇప్పుడు తిరుగునవి సెలవులకు వచ్చినవారి విహారనౌకలే.

మొదటి యేబది కిలోమీటర్లు తారువేసిన బాట. ఆవల చాలవఱకు మట్టిదారి, వేళ్లు పైకి తేలిన దారి. పిఱుదుల నొప్పినిగూర్చి యింతకంటె వ్రాయము. ఇరువైపుల ప్రొద్దుతిరుగుడు చేలు కోతకు సిద్ధమై, నల్లని తలలు వంచుకొని బడిలో దండన పొందిన పిల్లలవలె నిలిచియుండెను. ఓతాన్ అను ఆగ్నేయపు గాలి రెండుదినములు మాకెదురుగా వీచినది. అది వీచునపుడు మనుష్యులకు మతిచలించు నని యచ్చటివా రందురు. మాకు మతి చలింపలేదు గాని, బ్యాటరీ సైకిలువారు ముందుపోయి చెట్టుక్రింద కూర్చుండి తక్కినవారికై యెదురుచూచుట కొంత బాధ కలిగించెను.

కాస్టెల్నోదరీ యను ఊరిలో కాలువ చెఱువంత వెడల్పయినది. ఆ యూరు ‘కాసులే’ యను వంటకమునకు ప్రసిద్ధి. తెల్లచిక్కుడుగింజలను మాంసముతో మట్టిమూకుడులో గంటలతరబడి సన్ననిసెగను ఉడికింతురు. పైన పెచ్చుకట్టినప్పు డెల్ల దానిని విఱిచి లోనికి ద్రొక్కవలె ననియు, ఇట్లు ఏడుమార్లు చేయవలె ననియు నియమము. ఆ మూకుడు పేరే వంటకమున కెక్కినది. మేము మాంసము ముట్టము గనుక వాసనతో సరిపెట్టుకొని, రొట్టె, మేకపాల జున్ను, టొమాటోలు, అత్తిపండ్లు కొనుక్కొని గట్టున కూర్చుంటిమి. జున్నులో మాగాయ నంజుకొన్న రుచి యెట్లుండునో పరీక్షింపగోరువారు పరీక్షింపవచ్చును. మాకు నచ్చినది.

కార్కసాన్ కోటనుగూర్చి గ్రంథములు గలవు. ఏబదిరెండు బురుజుల యా కోటను పందొమ్మిదవ శతాబ్దిలో వియొలెల్ద్యుక్ అను శిల్పి బాగుచేయించెను. ఆ కోటవాకిట నొక స్త్రీ ప్రతిమ యున్నది. కథ యిది: షార్లమేన్ చక్రవర్తి అయిదేండ్లు కోటను ముట్టడింపగా లోపలి ధాన్యము నిండుకొన్నదట. కార్కస్ అను రాణి మిగిలిన కడపటి గోధుమలను ఒక పందికి మేపి, దానిని గోడపైనుండి క్రిందికి త్రోయించెను. పగిలిన పందికడుపున గోధుమలు చూచి, పందులకే గోధుమలు పెట్టువారికి కొఱత యేమని సైన్యము వెడలిపోయినది. చరిత్రకారులు దీనిని నమ్మరు. ఇంట బియ్యము నిండుకొన్నదినమున చుట్టముల యెదుట ముఖమున నవ్వు చెఱగనీయని స్త్రీలను చూచినవారు మాత్రము సులభముగా కొట్టివేయలేరు.

కార్కసాన్ చేరకమునుపే మా నీడ పోయినది. ఈ కాలువకు సౌందర్య మనిన దాని చెట్లే. రెండు గట్లను సుమారు నలువదిరెండువేల ప్లేన్ వృక్షములు, చాలవఱకు పందొమ్మిదవ శతాబ్దిలో నాటినవి, కొమ్మలు కలుపుకొని నీటిపై పందిరి వేసియుండెడివి. వాని వేళ్లు గట్టును పట్టియుంచును. వాని నీడ నీరు ఆవిరిగాకుండ కాపాడును. 2006లో కార్కసాన్ సమీపమున వానికొక తెగులు కనబడినది. అదొక బూజు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికానుండి వచ్చిన తుపాకిగుండ్ల పెట్టెల చెక్కలో దాగి ఫ్రాన్సు చేరిన దందురు. నీటివెంట వ్యాపించును, పడవత్రాడు ఒరసిన గాయమునుండి లోనికి జొచ్చును. సోకిన చెట్టు కొన్ని యేండ్లలో నెండిపోవును. మందు లేదు. సోకినదానిని, దాని ప్రక్కవానిని గూడ నఱకి, అచ్చటనే కాల్చివేయవలెను. ఇట్లు ముప్పదివేలకు పైగా చెట్లు పోయినవి.

మైళ్లకొలది మండుటెండలో, బోడిగట్టున, తెల్లని నీటి మెఱుపు కండ్లలో పొడుచుచుండ పోవునప్పుడు ఎవ్వరును మాటలాడలేదు. గట్టున క్రొత్తమొక్కలు వరుసగా నున్నవి. ఒక్కజాతినే నాటిన ఫలము చూచినవారు గనుక ఇప్పుడు సింధూరము మొదలు పలుజాతులు కలిపి నాటుచున్నారు. అవి భుజముల యెత్తునకు కొంచెము పైన నున్నవి. ఒక లాకువద్ద నీళ్లు పోయుచున్న పనివానిని అమ్మాయిచే నడిగించితిమి, నీడ యిచ్చుటకు ఎన్నాళ్లు పట్టు నని. అతడు తనవైపు చూపి తల యడ్డముగా నూపి, ప్రక్కనున్న పిల్లవానివైపు వ్రేలు చూపెను.

కార్కసాన్ దాటిన పిదప ద్రాక్షతోటలు. కోతలు జరుగుచుండెను, గాలియంతయు పులిసిన తీపివాసన. ఇచ్చట నొక వింత యున్నది. అర్జాన్ అను గ్రామమునుండి బేజియే పట్టణము వఱకు సుమారు 54 కిలోమీటర్లలో ఒక్క లాకైనను లేదు. కాలువ ఒక్క మట్టమున, కొండపాదముల నంటిపట్టుకొని, పామువలె మెలికలు తిరుగుచు పోవును. ఎదుట కనబడు గోపురమే అరగంటసేపు కుడిప్రక్కను, పిదప నెడమప్రక్కను కనబడును. కొలతపరికరములు మోటుగా నున్న ఆ దినములలో ఇంతదూరము ఒక్క మట్టము నెవరు పట్టగలిగిరి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో నొకరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు చంద్రా ముకర్జీగారు. ఆమె 2009లో ప్రకటించిన గ్రంథమున ఈ కాలువకు పనిచేసిన స్త్రీలను వెలికి దెచ్చినది. పనివారు ఒకప్పుడు పండ్రెండువేల వఱకు నుండిరి. వారిలో వందలకొలది స్త్రీలు. పిరనీసు కొండలనుండి దిగివచ్చిన పల్లెపడుచులు పలువురు. వారు గంపలతో మట్టిమోయు కూలీలుగానే లెక్కల కెక్కిరి. కాని ఆ కొండపల్లెలలో దూరపు ఊటనీటిని చేలకు, బట్టలుతుకు తొట్లకు, తిరుగళ్లకు కొండవాలున మెల్లగా మళ్లించి తెచ్చుట తరతరముల విద్య. ఎంత వాలున్న నీరు పరుగెత్తి గట్టుకోయునో, ఎంత తక్కువైన నిలిచిపోవునో వారి చేతులకు తెలియును. ఆ తెలివియే కాలువ మట్టమును నిలిపిన దని ఆచార్యురాలి వాదము. రికె తన పనివారికి నెలజీత మిచ్చి, వానదినములకు, ఆదివారములకు గూడ కోత పెట్టలేదట. ఆ కాలమున అది గొప్పయే.

ఇది చదివిన పిదప గట్టు మా కింకొక విధముగా కనబడినది. మోకాళ్లనొప్పిగల స్త్రీ యొకతె ఆయాసము లేక పోగలుగుచున్న దన్న, ఆ నేలను అంత సమముగా దిద్దినవారు గలరు గదా! వదినగారు సైకిలు నడిపించుకొనుచు కొంతదూరము నడచిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనప్పటినుండి మనము కాటనుదొరను తలచుచున్నాము, తలచవలసినదే. మన కాలువలకు తట్టమోసినవారి పేరు ఒక్కటైన మన మెఱుగుదుమా యని వారనిరి.

బేజియే చేరుటకు ముందు మాల్పా యను గుట్ట అడ్డము వచ్చును. దాని కడుపులో తొలిచిన సొరంగము సుమారు 165 మీటర్లు. ఐరోపాలో పడవలకొఱకు కొండ తొలిచిన మొదటి సొరంగ మిదియే. గుట్ట పైకెక్కి అవతలికి చూచిన, మోంతాది యను పూర్వపు చెఱువు కనబడును. 1247లో దాని నీటిని తీసివేసి పొలములు చేసిరి. నడిబొడ్డునుండి మురుగుకాలువలు సూర్యకిరణములవలె అన్నిదిక్కులకు పోయినవి. నడుమ త్రికోణపు కమతములు. రథచక్రపుముగ్గు ఇంత పెద్దగా వేసినవారు లేరు.

తరువాత ఫోన్సెరాన్. ఆ యేబదినాలుగు కిలోమీటర్లు నిలుపుకొనివచ్చిన యెత్తును కాలువ ఇచ్చట నొక్కసారిగా విడుచును. ఇరువదియొక్క మీటర్లకు పైబడిన దిగుడును ఎనిమిది గ్రుడ్డుతొట్లు ఒకదానిక్రింద నొకటిగా మెట్లు కట్టి దింపినవి. పడవలు దిగుటను జనులు గుంపుగా చూచుచుండిరి. దీనిని గుత్తకు తీసికొని కట్టించినవారు చదువురాని ఇద్దరు సోదరులు; పనివారిలో నెక్కువమంది స్త్రీలు. మేము తొట్టి తొట్టికి దిగుచు రాళ్ల అతుకులమీద చేయివేసి చూచితిమి. మూడువందల నలువదియేండ్లు దాటినవి, నీరు నిలిచియున్నది. బేజియే నడివీధిలో రికె కంచువిగ్రహ మున్నది, తన పుట్టినయూరే గనుక. ఆ స్త్రీలకు శిల యేదైన నున్నదేమో యని చూచితిమి గాని మాకు కనబడలేదు.

అటుపైన దారి చప్పున సాగినది. ఓర్బ్ నదిపై వంతెనమీదుగా కాలువయే దాటుట, అగ్నిపర్వతపు నల్లరాతితో కట్టిన ఆగ్డ్ పట్టణము, అచ్చటి గుండ్రని లాకు చూచితిమి. తొమ్మిదవనాడు గాలి ఉప్పనైనది. చెట్లు పొట్టివైనవి, పిమ్మట లేనేలేవు. ఒక చిన్న దీపస్తంభమువద్ద కాలువ ఏ హంగును లేక ‘తో’ యను ఉప్పునీటి సరస్సులో కలిసిపోయినది. సరస్సుకు, సముద్రమునకు నడుమ సన్నని యిసుకదిబ్బ. దానిమీద సైకిళ్లబాట సెట్ వఱకు. ఎడమవైపు సరస్సులో త్రాళ్లకు వ్రేలాడదీసి ఆల్చిప్పలు పెంచు చట్రములు, కుడివైపు మధ్యధరాసముద్రము.

సైకిళ్లను ఇసుకలో పడవేసి నీటిలో దిగితిమి. అంతర్వేది సముద్రము చూచిన వదినగారు పోటునకై వేచి కొంతసేపు నిలుచుండిరి. ఈ సముద్రమునకు పోటుపాటులు దాదాపు లేవని అమ్మాయి చెప్పినది. “అయినచో మన కిది సరియైన సముద్రమే. రావలసిన తొందర దీనికిని లేదు” అని వారు అలచెంగున కూర్చుండి, డబ్బా తెఱచి, మిగిలిన మాగాయ టెంకను మా ముగ్గురికి పంచిరి.

మఱునాడు సైకిళ్లతోనే రైలెక్కితిమి. తొమ్మిది దినముల త్రోవ సుమారు రెండు గంటలలో వెనుకకు పోయినది. అచ్చటచ్చట రైలుదారి ప్రక్కకు కాలువ వచ్చినప్పుడెల్ల వదినగారు కిటికీకి జరిగి, చెట్లున్న గట్టు ఎంతయో, లేని గట్టు ఎంతయో అమ్మాయికి చూపుచుండిరి.